మేడ మీది బోణీ

ఫోను మోగేసరికి ఛాయాదేవి నిచ్చెన మీద నిలబడి మంగళగిరి చీరలు పై అరలో సర్దుతోంది.

"మీకే," అన్నాడు మేనేజరు వెంకటప్పయ్య. రిసీవరుని రెండు వేళ్లతో, ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి చాచాడు.

గవర్నర్‌పేటలోని ఆ చేనేత చీరల షాపుకున్న ఒక్క ఫోనూ ఆయన బల్ల మీదే ఉంటుంది. అది ఛాయాదేవి కోసం మోగడం అదే మొదటిసారి. అవతల మాట్లాడుతున్నది యజమానురాలు పద్మావతమ్మ. భర్త పోయాక ఆవిడ మంగళగిరిలో ఉండి మగ్గాల పని చూసుకుంటూ, బెజవాడ షాపుని వెంకటప్పయ్య చేతిలో పెట్టింది.

"అమ్మాయ్, ఇన్నాళ్లూ నీ పని చూశాను. ఆడవాళ్లకి ఆడపిల్ల చీర చూపిస్తే ఆ సంగతే వేరు. ఇక నువ్వు పర్మనెంటు. ఒకటో తారీఖు నుంచి మేడ మీద పెళ్లి చీరలన్నీ నీ అజమాయిషీ. వెంకటప్పయ్యకి చెప్పాను. సరేనా?"

"సరేనండి అమ్మగారూ," అంది ఛాయాదేవి. ఇంకా చాలా అనాలనిపించింది గాని, వెంకటప్పయ్య బల్ల మీద వేళ్లు టకటకలాడిస్తూ తననే చూస్తుంటే ఆ ఒక్క మాటే వచ్చింది.

పెళ్లయి ఇంకా మట్టెలు వేలికి ఒరుసుకుంటూనే ఉన్నాయి. మాఘంలో పెళ్లి, వైశాఖంలో ఉద్యోగం ఖాయం. ఆ మధ్యాహ్నమంతా ఆమె ఏ చీర మడత పెట్టినా అంచులు వంకర పోయాయి. మొగుడికి ఎప్పుడు చెబుదామా అన్నదే ధ్యాస. భావనారాయణ హనుమాన్ జంక్షన్‌లో లారీ బుకింగ్ ఆఫీసులో గుమాస్తా. రోజూ బస్సులో వెళ్లి వస్తాడు. సాయంత్రం ఇంటికి పోకుండా తిన్నగా బస్టాండుకే వెళ్లి నిలబడింది. అతను చేతిలో తాటాకు బుట్టతో దిగాడు. బుట్ట నిండా ముంజెలు. వాటి మీద ఇంకా నీళ్ల తడి ఆరలేదు.

"ఏమండీ, నేను పర్మనెంటు," అంది, అతను రెండో కాలు కింద పెట్టకముందే.

"నన్ను మాఘంలోనే పర్మనెంటు చేశావుగా," అన్నాడతను. ఇద్దరూ అక్కడే, అందరూ చూస్తుండగానే నవ్వారు. దారిలో చెరుకురసం తాగారు. ఇంటికెళ్లి ముంజెలు ఒలుచుకు తింటూ, తొలి జీతంతో ఏం కొనాలో మాట్లాడుకున్నారు. అతను టేబుల్ ఫ్యాను అన్నాడు. ఆమె రేడియో అంది. ఫ్యాను గాలికి రేడియో వింటే ఇంకా బాగుంటుందని చివరికి తేల్చుకున్నారు.

ఒకటో తారీఖు పొద్దున్న ఛాయాదేవి మేడ మీదికి వెళ్లి చూస్తే అక్కడున్న ఫ్యాను లేదు. కింద వట్టివేళ్ల తడకల చల్లదనంలో, వెంకటప్పయ్య తల మీద రెండో ఫ్యానుగా తిరుగుతోంది.

"రిపేరుకి దించాం," అన్నాడాయన. "బాగయింది. మళ్లీ ఎక్కించేవాళ్లు దొరకద్దూ."

ఆ మేడ తన మేనల్లుడికి ఇప్పించుకోవాలని వెంకటప్పయ్య ఎప్పటినుంచో అనుకుంటున్నాడు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు గాని, షాపులో అందరికీ తెలుసు. పైకి మాత్రం గారూ అనకుండా ఛాయాదేవిని పిలిచేవాడు కాదు. ఆ గారు వింటే ఆమెకి ఒళ్లు మండేది.

"ఛాయాదేవి గారూ, అజమాయిషీ అంటే కుర్చీ ఒక్కటే కాదు కదండీ. షాపు బోణీ కూడా ఇవాళ్టినుంచి మేడ మీదే. అమ్మగారితో చెప్పాను, సరేనన్నారు."

బోణీ అంటే ఆ షాపులో ఆషామాషీ కాదు. పొద్దున్నే వచ్చిన మొదటి గిరాకీ వట్టి చేతులతో వెనక్కి పోతే ఆ రోజంతా పాడయినట్టే లెక్క. పద్మావతమ్మ మొగుడు ఉన్న రోజుల్లో మొదటి గిరాకీకి నష్టానికైనా అమ్మేవాడట. అలాంటి బోణీని తన చేతి మీద పెట్టారంటే ఛాయాదేవికి మొదట సంతోషమే అనిపించింది. మెట్లు రెండేసి ఎక్కింది.

బి.ఏ. చదివినా, నేతవాళ్లింటి పిల్ల. చీర వేళ్ల మధ్య నలిపి చూస్తే నూలు ఏ పాటిదో చెప్పగలదు. కొనేవాళ్ల మొహం చూసి ఏ రంగు తియ్యాలో కూడా తెలుసు. తెలియంది ఒక్కటే. ప్రతి చీరకీ ఒక చిన్న చీటీ కట్టి ఉంటుంది. దాని మీద ధర, ధర కింద ఏవో గుర్తులు. ఆ గుర్తులు తెలిసినవాళ్లకే ఆ చీర షాపుకి ఎంతలో పడిందో, బేరంలో ఎంతదాకా దిగవచ్చో తెలుస్తుంది. అవి తెలిసినవాళ్లు వెంకటప్పయ్య, కింద తువ్వాళ్లూ జాకెట్టు గుడ్డలూ అమ్మే సుబ్బరత్నం, ఆ ఇద్దరే.

"గుర్తులు నాకూ చెప్పాలి కదండీ సార్," అని అడిగింది.

"నేర్చుకుందురు గాని, తొందరేముంది? నాకు చెప్పేసరికి మీసాలొచ్చాయి. ఈ సుబ్బరత్నానికి చెప్పేసరికి తల నెరిసింది."

సుబ్బరత్నం తల దువ్వుకున్నట్టు నిమురుకుని నవ్వింది. "బి.ఏ.లో చెప్పలేదా పిల్లా?"

తొలి గిరాకీ చల్లపల్లి నుంచి వచ్చిన తల్లీ కూతుళ్లు. పెళ్లికూతురికి ఆకుపచ్చ మీద పెద్ద జరీ అంచు చీర తెగ నచ్చింది. తల్లి ఒడిలో పెట్టుకుని, "బోణీ బేరం, చూసి చెప్పమ్మాయ్, ఎంతకిస్తావు?" అంది.

"ఒక్క నిమిషం పెద్దమ్మ గారూ," అని ఛాయాదేవి కిందికి పరుగెత్తింది. వెంకటప్పయ్య కాఫీ తాగుతున్నాడు. చెయ్యెత్తి ఆగమన్నాడు. గ్లాసు ఖాళీ చేశాడు. పంచె కొసతో మూతి తుడుచుకున్నాడు.

"ఏ చీర?"

చెప్పింది.

"అలా చెబితే నాకేం తెలుస్తుందండీ? తీసుకురండి."

పైకి పరుగెత్తింది. తెచ్చి చూపించింది. ఆయన చీటీ తిరగేసి మరగేసి చూసి, "దీనికి జోడు ఒకటుండాలే. అది చూశారా?" అన్నాడు. అప్పటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు. తల్లీ కూతుళ్లు దిగి వస్తున్నారు.

"పక్క షాపులో చూసుకుంటాంలే అమ్మాయ్. పైన ఉడికిపోతోంది. ఎండ కూడా ముదురుతోంది."

వాళ్లు గడప దాటగానే వెంకటప్పయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "పోయింది. షాపు పెట్టిన్నాటినుంచి ఇలా బోణీ పోవడం చూడలేదు."

"కొత్త పాదం కదండీ," అంది సుబ్బరత్నం.

"చదువుకున్న పాదం. బరువెక్కువ."

ఆ మర్నాడూ అంతే. ఆ పైనా అంతే. ఒకరోజు ఆయన ఫోనులో ఉంటాడు, ఒకరోజు పూజలో ఉంటాడు, ఒకరోజు బల్ల దగ్గరే ఉండడు. ఛాయాదేవి చీరతో సహా దిగి వెళ్లడం మొదలుపెడితే, "గిరాకీని వదిలేసి చీర పట్టుకు తిరుగుతారేమిటండీ," అన్నాడు. గిరాకీని తీసుకుని దిగితే, "కొనేవాళ్లని మెట్లెక్కించి దించుతారేమిటండీ," అన్నాడు. పైనుంచి కేకేసి అడిగితే, "ఇదేమన్నా కూరగాయల బజారా?" అన్నాడు. ఒకరోజు గుడివాడ నుంచి వచ్చిన పెళ్లికొడుకు అక్కగారు అసలు బేరమే ఆడకుండా చీటీ మీదున్న ధర ఇచ్చేసి చీర తీసుకుపోయింది. ఛాయాదేవి ఆ నోట్లు కళ్లకద్దుకుని కిందికి తెస్తే, వెంకటప్పయ్య పెదవి విరిచాడు.

"బేరమాడకుండా కొన్నది బోణీ ఎలా అవుతుందండీ? మోసపోయామని ఇంటికెళ్లాక తెలుస్తుంది. మళ్లీ మన మొహం చూస్తారా?"

దానికి ఏం జవాబు చెప్పాలో ఆమెకి ఇంటికెళ్లాక, అన్నం వారుస్తుంటే తట్టింది. ఎప్పుడూ అంతే. జవాబులన్నీ వంటింట్లోనే వచ్చేవి. గంజి గిన్నెతో, పప్పు గుత్తితో వెంకటప్పయ్యకి సమాధానాలు చెప్పేది.

కొన్నాళ్లకి ఇంకో ఆజ్ఞ వచ్చింది. బోణీ అయ్యేదాకా ఆమె వీధి వాకిట్లో కనపడకూడదు. సందులోంచి వెనక గుమ్మం ద్వారా వచ్చి, మెట్ల కింద ఉన్న చీకటి గదిలో కూర్చోవాలి. గిరాకీ వచ్చాక పిలుస్తారు. ఆ గదిలో పాత గోనెలూ, విరిగిన నిచ్చెనా ఉన్నాయి. అక్కడ కూర్చుని ఛాయాదేవి తన అరచేయి తిప్పి తిప్పి చూసుకునేది. పెళ్లినాటి గోరింటాకు గోళ్ల చివర ఎర్రగా మిగిలే ఉంది. ఈ చెయ్యి నిజంగానే మంచిది కాదేమోనన్న అనుమానం ఒక్కోసారి వచ్చేది. వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

"ఇలా ఇవ్వు," అన్నాడు భావనారాయణ ఒక సాయంత్రం, సంగతంతా విని. నూజివీడు రసాలు పిసుకుతున్న ఆమె చేతిని లాక్కుని ఇటూ అటూ చూశాడు. "ఈ చెయ్యి వండిన గుత్తొంకాయ తిని నేను బతికే ఉన్నాను. దీనికి ఏ దోషమూ లేదు."

"మీకన్నీ వేళాకోళమే."

"కాదు ఛాయా. నేను వచ్చి ఆయనతో మాట్లాడనా?"

"వద్దు. మొగుణ్ణి తెచ్చుకుందంటారు. అదొకటి తక్కువ." మామిడి రసం మోచేతిదాకా కారుతోంది. అది చూసి ఇద్దరికీ నవ్వొచ్చింది గాని, ఆమె నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "చీరలు అమ్మడం నాకు వచ్చండీ. అదే నా బాధ. రాకపోతే ఇంత మండేది కాదు."

ఆ రోజుల్లోనే రైళ్ల సమ్మె వచ్చింది. రైలెక్కే జనమంతా బస్సుల మీద పడ్డారు. తెల్లవారుతూనే వెళ్లి నిలబడితే తప్ప భావనారాయణకి జంక్షన్ మీదుగా పోయే ఏలూరు బస్సులో కాలు పెట్టే చోటు దొరకడం లేదు. ఒంటరిగా ఇంట్లో ఏం చేస్తానని, ఆ పొద్దున్న ఛాయాదేవి కూడా అతనితో బయలుదేరింది. బస్సు కిటికీలోంచి అతన్ని లోపలికి తోసి, అతని చెప్పొకటి కింద పడితే అందించి, రోజూకన్న చాలా ముందే షాపు వెనక గుమ్మం చేరింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. మెట్ల కింద తన చోట్లో కూర్చుంది.

వీధి తలుపు ఇంకా సగమే ఎత్తి ఉంది. దాని కింద నుంచి వంగి, ఎదురుగా ఉన్న కాఫీ హోటలు యజమాని లోపలికి వచ్చాడు. సుబ్బరత్నం అప్పటికే ఒక తువ్వాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రోజూ ఈ తువ్వాళ్లు ఏం చేసుకోవాలండీ మేనేజరు గారూ? మా హోటల్లో బల్లలకన్న తువ్వాళ్లే ఎక్కువైపోయాయి," అన్నాడాయన.

"తుడుచుకోవయ్యా. సగం ధరకి వస్తోంది, నీకేం నొప్పి? నీది బోణీకి మంచి చెయ్యి." వెంకటప్పయ్య డబ్బు తీసుకుని, లక్ష్మీదేవి పటానికి చూపించి, కళ్లకద్దుకుని సొరుగులో వేశాడు. "హమ్మయ్య. ఇవాళ్టికి షాపు నిలబడింది. ఇక ఆ బి.ఏ. మేడమ్ గారు పైన ఏం పోగొట్టుకున్నా పరవాలేదు."

ఛాయాదేవికి మొదట ఏమీ అర్థం కాలేదు. కాసేపటికి అంతా అర్థమైంది. ఇన్నాళ్లూ తను పోగొట్టిన బోణీ ఏ ఒక్కనాడూ బోణీ కాదు. షాపు బోణీ రోజూ కింద, తువ్వాలు మీద, తను రాకముందే అయిపోతోంది. ఆ మనిషికి బోణీ అంటే ప్రాణం. అందుకే దాన్ని ఒక్కరోజు కూడా తన చేతిలో నిజంగా పెట్టలేదు. పెట్టినట్టు నటించి, నిందని మాత్రం పెట్టాడు.

లేచి వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడింది. హోటలాయన తువ్వాలు చంకలో పెట్టుకుని, వచ్చిన దారినే వంగి వెళ్లిపోయాడు.

"ఇవాళ బోణీ అయిపోయిందా సార్?"

వెంకటప్పయ్య తడబడతాడనుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది కింది బోణీ అండీ. మీది మేడ మీది బోణీ. దేనిదారి దానిదే."

"షాపుకి రెండు బోణీలుంటాయని అమ్మగారికి తెలుసా?"

"తెలియాల్సినవన్నీ నేను చెబుతూనే ఉన్నాను."

చెబుతూనే ఉన్నాడని మధ్యాహ్నం తేలింది. ఫోను మోగింది. ఆయన కాసేపు అవునండీ, చిత్తమండీ అని, మొదటిసారిలాగే రిసీవరు రెండు వేళ్లతో చాచాడు.

"అమ్మాయ్," అంది పద్మావతమ్మ. గొంతులో కోపం లేదు, నొచ్చుకున్నట్టుంది. "నీ చేతి మీద బోణీ సాగడం లేదట. పెళ్లిళ్ల రోజులు, ఇప్పుడు పోతే ఏడాదంతా పోయినట్టే. రేపు షాపు తీసే వేళకి నేనే వస్తున్నాను. నా కళ్లతో చూస్తాను. రేపు కూడా పోతే మేడ దిగి సుబ్బరత్నం దగ్గర చెయ్యి. ఏమనుకోకు తల్లీ."

"అమ్మగారూ, అది కాదండీ, ఇక్కడ పొద్దున్నే..."

వెంకటప్పయ్య వేలు ఫోను మీద మీట నొక్కేసింది.

"ట్రంకు కాల్ అండీ. అమ్మగారికి డబ్బు దండగ."

ఛాయాదేవి చేతిలో మూగ రిసీవరు ఉండిపోయింది. దాన్ని ఆయన నెత్తిన మోదాలన్నంత కోపం వచ్చింది. జాగ్రత్తగా దాని చోట పెట్టి, మేడ మీదికి వెళ్లి, ఎవరూ లేని చీరల మధ్య కూర్చుని ఏడ్చింది. చెమటేదో కన్నీళ్లేదో తెలియనంత ఉక్కగా ఉంది.

మెట్లు చప్పుడయ్యాయి. సుబ్బరత్నం. చేతిలో మంచినీళ్ల చెంబు.

"తాగు పిల్లా. ఏడిస్తే దాహం వేస్తుంది."

"మీరు రోజూ ఆ తువ్వాలు అమ్ముతున్నారు. పైగా నా పాదం అన్నారు."

"అన్నాను." సుబ్బరత్నం చీరల కట్టకి ఆనుకుని కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంది. "నేను వచ్చిన కొత్తలో నన్నూ అన్నాడు. నాకు మొగుడు లేడుగా, మరీ తేలిగ్గా దొరికాను. ఇక్కడ ఎవరో ఒకరు తిట్లు తినాలి. నువ్వొచ్చాక నా వంతు తప్పింది. హాయిగానే ఉంది, ఉన్నమాట చెబుతున్నాను."

ఛాయాదేవి చెంబెత్తి నీళ్లు తాగి, పమిట చెంగుతో మొహం తుడుచుకుంది.

"రేపు అమ్మగారితో చెబుతారా, తువ్వాలు సంగతి?"

"నా అంతట నేను నోరెత్తను. నాకు ఇదే కూడు. ఆ చీటీల గుర్తులు కూడా చెప్పను, అడక్కు. చెప్పానంటే నన్ను గెంటేస్తాడు." లేచి, చెంబు తీసుకుని, రెండు మెట్లు దిగి ఆగింది. "అమ్మగారు నన్ను పేరు పెట్టి అడిగితే మాత్రం అబద్ధమాడను. ఆవిడ ఉప్పు కూడా తిన్నానుగా. కాని ఆవిడకి అడగాలని ఎలా తెలుస్తుంది? అది నీ పని."

సాయంత్రం భావనారాయణ నలిగిన చొక్కాతో, మల్లెపూల పొట్లంతో దిగాడు. బస్సు తొక్కిడిలో పూలు సగం అప్పడమయ్యాయి. మిగిలినవి బాగానే ఉన్నాయి. కాలవగట్టు వెంబడి నడుస్తూ ఛాయాదేవి అన్నీ చెప్పింది. తువ్వాలు దగ్గర అతను ఆగిపోయి నవ్వబోయాడు గాని, ఆమె మొహం చూసి మానేశాడు.

"ఇంత ఆలోచనెందుకు? రేపు మొదటి గిరాకీని నేనే. మా పిన్నిని కూడా తీసుకొస్తాను. పైకి వచ్చి, చీటీ మీదెంతుంటే అంత ఇచ్చి చీర కొంటాం. నీకు చీరా వస్తుంది, బోణీ అవుతుంది, మేడా నిలుస్తుంది."

ఛాయాదేవి ఆలోచించింది. ఆకుపచ్చ మీద జరీ అంచు చీర కళ్ల ముందు మెదిలింది కూడా.

"వద్దండీ. అది ఆయన హోటలాయనతో చేయిస్తున్న పనే. రేపు మీరొస్తారు, ఎల్లుండి ఎవరొస్తారు?"

"అమ్మగారి ఎదురుగా ఆయన రేపు ధర చెప్పేస్తాడేమో. అప్పుడు బోణీ అవుతుందిగా."

"రేపొక్కరోజు అవుతుంది. ఆవిడ మంగళగిరి వెళ్లగానే మళ్లీ మెట్ల కింద గది. బోణీ అయితే చాలదు నాకు. గుర్తులు కావాలి."

మాట్లాడుతుండగానే ఆమెకి ఏం చెయ్యాలో తెలిసిపోతోంది. ఈసారి జవాబు వంటింటిదాకా ఆగలేదు. అతను జడలో పూలు పెడుతుంటే తల కదలకుండా ఉంచి చెప్పింది.

"రేపు కూడా పెందరాళే లేద్దాం. మీరు నన్ను దింపేసి బస్సుకి వెళ్లండి. నేను వెనక గుమ్మం వైపు వెళ్లను. వీధి వాకిట్లోనే నిలబడతాను. పద్మావతమ్మ గారు రిక్షా దిగగానే ఆవిడతో పాటే లోపలికి వెళతాను. ముందు సుబ్బరత్నం గారిని పేరు పెట్టి అడగమంటాను, రోజూ మొదటి బేరం ఎవరిది, ఏం కొంటున్నాడూ అని. తర్వాత మేనేజరు గారిని నేనే అడుగుతాను, ఆవిడ ఎదురుగానే, చీటీల గుర్తులేమిటో చెప్పమని. ఆయన చెప్పేదాకా నేను మేడ మెట్లెక్కను."